ఫిక్స్‌డ్ అంటే గోడలో పాతేశారని కాదు

ముందే చెప్తున్నా, ఇవాళ కొంచెం చిరాగ్గా ఉన్నాను. ఇక్కడ అమెరికాలో, డాలస్ వైపు మనవాళ్ల ఇళ్లలో వెనక పెరట్లోకి వెళ్లే అద్దాల తలుపు, పాటియో తలుపు ఉంటుంది కదా, సగం జరుగుతుంది, సగం కదలదు. ఆ కదలని సగం గురించి ఎవరినడిగినా ఒకటే మాట: "అది ఫిక్స్‌డ్ అండీ, గోడతో పాటే వచ్చింది." రాలేదండీ. ఎవరో తెచ్చి పెట్టారు. పెట్టినదాన్ని తియ్యొచ్చు.

ఆ మాట నమ్మబట్టే మా దేవుడి మందిరాన్ని మూడు రోజులు గరాజ్‌లో ఉంచాం. టేకుది, ఓడలో వచ్చింది. వెడల్పు 48 అంగుళాలు, లోతు 38, ఎత్తు 72. ముందు తలుపు 36. పాటియో తలుపు బార్లా తీస్తే 31. తెచ్చినవాళ్లు "పట్టదు" అనేసి సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. మా అత్తగారేమో రోజూ కారుకీ మందిరానికీ మధ్య నిలబడి దీపం పెట్టేవారు. పెట్రోలు పక్కన దీపం! నాకు అసలు టెన్షన్ అది.

[తెర మీద: చెక్క పలకలతో మూసిన పాత కొట్టు]

షట్టర్లు రాకముందు ఊళ్లో కిరాణా కొట్లు ఎలా మూసేవారో గుర్తుందా? మా తాతయ్య కొట్టుకి తొమ్మిది చెక్క పలకలు. పైన గాడి లోతు ఎక్కువ, కింద గాడి తక్కువ. పలకని పై గాడిలోకి ఎత్తి, అడుగు భాగాన్ని లోపలికి తోసి, కిందికి దింపి, పక్కకి జరిపేవారు. ఒకటో నంబరు పలక మూలకి వెళ్లేది. దాని పక్కన రెండు, మూడు. అన్నీ అయ్యాక అడ్డంగా ఇనప పట్టీ, తాళం. పొద్దున్నే తొమ్మిదో పలకతో మొదలుపెట్టి తీసేవారు. ఒకటోది ఆఖరున వచ్చేది. దాన్ని ఫిక్స్‌డ్ అని ఎవరూ అనలేదు!

మీ పాటియో తలుపు రెండే పలకల కొట్టు. కదలని సగం ఒకటో నంబరు, జరిగేది రెండో నంబరు. చాలామంది చేసే తప్పేమిటంటే, రెండోది అక్కడుండగానే ఒకటోదాన్ని పీకబోతారు. అది రావడానికి చోటేదీ?

ముందు దోమతెర తలుపు తీసెయ్యండి. తర్వాత రెండో పలక. దాని అడుగున రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ బిళ్లలుంటాయి, వాటి వెనక స్క్రూలు. వాటిని తిప్పితే కింది చక్రాలు పైకి ముడుచుకుని తలుపు కాస్త కిందికి దిగుతుంది. ఇప్పుడు ఇద్దరు పట్టుకుని పైకెత్తి, అడుగు భాగాన్ని మీ వైపు లాగాలి. అచ్చం తాతయ్య పలకే.

ఎత్తినా రావట్లేదా? పై గాడిలో చూడండి, ఒక అడ్డు బిళ్లో స్క్రూనో ఉంటుంది. దొంగ బయటినుంచి ఇదే పద్ధతిలో తలుపు ఎత్తెయ్యకుండా పెట్టింది. అదే మన ఇనప పట్టీ. ముందు దాన్ని తియ్యాలి.

బరువు తక్కువనుకోకండి. గాజు చదరపు మీటరుకి, మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. ఒక్కో పలకలో నాలుగు మిల్లీమీటర్ల అద్దాలు రెండు, ఒక్కోటి ఒకటిన్నర చదరపు మీటర్లు. అద్దాలే 30 కిలోలు, ఫ్రేము అదనం. పైగా అది టెంపర్డ్ గాజు, అంటే వేడిచేసి గట్టిపరిచింది. మధ్యలో దెబ్బకి తట్టుకుంటుంది గానీ, అంచు సిమెంటు గచ్చుకి టక్కున తగిలిందంటే మొత్తం పటిక బెల్లం ముక్కలే. అందుకే గచ్చు మీద పాత బొంత పరిచి, గోడకి నిలువుగా ఆనించండి.

ఇక ఒకటో నంబరు. గోడకి బిగించిన పక్క చట్రంలో, పైనా కిందా దీన్ని పట్టి ఉంచే స్క్రూలు, చిన్న క్లిప్పులు వెతకండి. ఒక్కటి మర్చిపోయినా రాదు. బయటివైపు సందు మూసే సిలికాన్ జిగురు పూసి ఉంటే కత్తితో గీయండి. తర్వాత చెక్కముక్క అడ్డం పెట్టి, చట్రం నుంచి మధ్యకి మెల్లగా తొయ్యండి. పాతికేళ్ల దుమ్ము కదా, ముందు మొరాయిస్తుంది. మాది ఒక్కసారి టప్పున వదిలింది, నా గుండె కూడా. మధ్యకి వచ్చాక మళ్లీ అదే: ఎత్తు, అడుగు లాగు. మాది లోపలికి వచ్చింది. కొన్ని బయటికి వస్తాయి. 31 అంగుళాల దారి 68 అయింది. మందిరాన్ని నిలువునా నడిపించుకొచ్చాం.

ఒక్క రకం మాత్రం ముట్టుకోకండి. కొన్నిటిలో కదలని సగానికి విడి ఫ్రేము ఉండదు, గాజునే నేరుగా చట్రంలో బిగిస్తారు. అద్దం చుట్టూ ఫ్రేముకీ చట్రానికీ మధ్య సందు గీత కనబడకపోతే అదే. దానికి గాజు పనివాళ్లని పిలవండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడిగి మొదలుపెట్టండి.

టైమైపోతోంది, తిరిగి పెట్టడం గబగబా చెప్తా. తాతయ్య పలకల మీద బొగ్గుతో నంబర్లు రాసేవారు. నేను టేపు అంటించి 1, 2 అని రాశాను. ఒకటోది ముందు, స్క్రూలు, కొత్త సిలికాన్. తర్వాత రెండోది, చక్రాలు దింపి, పైనా కిందా సందు సమానంగా ఉందో లేదో చూసి, గొళ్లెం పడుతోందా అని చూడండి. ఇనప పట్టీ మర్చిపోవద్దు, నేను మర్చిపోయి మర్నాడు పెట్టాను. కెమెరా బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది. దోమతెర తలుపు మీరే బిగించుకోండి.