సిమ్యులేషన్ ప్లాట్: ముందు రేంజ్ చూడండి, రంగు తర్వాత

[స్క్రీన్ మీద పక్కపక్కనే రెండు హీట్ సింక్ (చిప్ వేడిని బయటికి లాగే రెక్కల లోహపు దిమ్మ) బొమ్మలు. లెజెండ్ (ఏ రంగు ఏ అంకెదో చెప్పే పట్టీ) కనబడకుండా కప్పేసి ఉంది.]

ఈ రెండిట్లో ఏ డిజైన్ బాగా చల్లబడుతోందో చెప్పండి చూద్దాం. కింద చిప్ ఆనుకున్న చోట ఎరుపు, రెక్కల చివర నీలం, మధ్యలో తెల్లటి పట్టీ, రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి కదా.

[లెజెండ్ మీద కప్పిన పెట్టె తీసేయాలి.]

ఇప్పుడు చూడండి. ఎడమ బొమ్మలో ఎరుపు అంటే 358 కెల్విన్. కుడి బొమ్మలో అదే ఎరుపు 331. అంటే 27 డిగ్రీల తేడా మీ కళ్ళముందే ఉంది, అయినా కనబడలేదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ దేనికి దాని డేటాలో ఉన్న కనిష్ఠం, గరిష్ఠం తీసుకుని రంగులు సర్దేసింది. ఒకడి మార్కులు యాభైకి, ఇంకొకడివి వందకి లెక్కేసి ఇద్దరూ సమానమే అన్నట్టు ఉంది వ్యవహారం.

ఇక్కడ బెంగళూరులో మన తెలుగువాళ్ళు సీఎఫ్‌డీ, ఎఫ్ఈఎమ్, అంటే ప్రవాహాల, నిర్మాణాల సిమ్యులేషన్లు, చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఐఐఎస్‌సీ ల్యాబుల్లో కొందరు, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో, పీణ్యా వైపు కంపెనీల్లో ఇంకొందరు. నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ "అన్నా, ఏ కలర్ మ్యాప్ పెడితే బాగుంటుంది" అనే, అంటే అంకెలకి ఏ రంగుల వరస వాడాలని. రేంజ్, అంటే స్కేల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో, ఎంత పెట్టాలని అడిగేవాళ్ళు మాత్రం దాదాపు లేరు. నా లెక్కలో బొమ్మ అబద్ధం చెప్పేది రంగు వల్ల తక్కువ, రేంజ్ వల్ల ఎక్కువ. అందుకే ఈ వీడియోలో ముందు రేంజ్, తర్వాతే రంగు.

సాఫ్ట్‌వేర్ ప్యారావ్యూ వాడుతున్నాను, సిమ్యులేషన్ ఫలితాలని బొమ్మలుగా చూపించేది. 2000లో కిట్‌వేర్, లాస్ అలమోస్ నేషనల్ లాబొరేటరీ కలిసి మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, ఉచితం, ఓపెన్ సోర్స్, ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, క్లస్టర్ మీదా నడుస్తుంది. మీరు వేరే సాఫ్ట్‌వేర్ వాడినా కంగారు పడకండి, బటన్ల పేర్లు మారతాయేమో గానీ విషయం ఇదే.

[స్క్రీన్: ప్యారావ్యూలో ఫైల్ తెరిచి, ఎడమవైపు ప్రాపర్టీస్ ప్యానెల్‌లో కలరింగ్ భాగం దగ్గర జూమ్.]

కలరింగ్ అని ఉంది చూశారా, అక్కడ ఏ వేరియబుల్‌తో రంగు వేయాలో ఎంచుకుంటాం. నేను 'టి' ఎంచుకుంటున్నాను, అంటే టెంపరేచర్. దాని కిందే ఎడిట్ బటన్ ఉంది, అది నొక్కితే కుడివైపు కలర్ మ్యాప్ ఎడిటర్ తెరుచుకుంటుంది. ఈరోజు మన పనంతా దాదాపు ఇక్కడే.

మొన్న మా పీజీలో ఉండే ఒక తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "అన్నా, అంతా నీలంగా వస్తోంది, సిమ్యులేషన్ పోయినట్టేనా" అని టెన్షన్ పడ్డాడు. అలాంటిదే ఒక కేసు ఇక్కడ పెట్టాను, చూడండి.

[స్క్రీన్: మొత్తం ముదురు నీలంగా ఉన్న హీట్ సింక్. లెజెండ్ మీద 300 నుంచి 612.]

పోలేదు. లెజెండ్ 612 దాకా వెళ్ళింది, కానీ ఈ హీట్ సింక్‌లో అంత వేడి ఎక్కడా ఉండే అవకాశం లేదు. ఒక మూలన మెష్ (లెక్క కోసం ఆకారాన్ని సెల్స్ అనే చిన్న గళ్ళుగా కోసిన వల) బాగోలేక, ఒక్క సెల్‌లో విలువ పిచ్చిగా పెరిగింది. ఆ ఒక్క సెల్ కోసం సాఫ్ట్‌వేర్ స్కేల్ మొత్తాన్ని సాగదీసింది, దాంతో అసలు విషయం ఉన్న 300 నుంచి 360 దాకా భాగం స్కేల్ అడుగున అయిదో వంతులో ఇరుక్కుపోయింది. ఇంకేం కనబడుతుంది?

కలర్ మ్యాప్ ఎడిటర్‌లో పక్కన నిలువుగా ఉన్న బటన్లలో 'రీస్కేల్ టు కస్టమ్ రేంజ్' అని ఒకటి ఉంటుంది, మౌస్ దాని మీద పెడితే పేరు కనబడుతుంది. నొక్కి 300, 360 అని ఇవ్వండి.

[స్క్రీన్: రంగులు ఒక్కసారిగా విచ్చుకోవాలి.]

చూశారా, డేటా ముట్టుకోలేదు, రంగు మార్చలేదు. రెక్కలన్నీ బయటపడ్డాయి.

కానీ ఇక్కడితో ఆపేస్తే ఇంకో తప్పు. ఇప్పుడు 360 దాటినవన్నీ ఒకే ఎరుపులో కలిసిపోయాయి, 361 ఉన్నా 612 ఉన్నా తేడా లేదు. అంటే ఆ చెడ్డ సెల్‌ని దాచేసినట్టే. అందుకని ఇదే ఎడిటర్‌లో 'యూజ్ అబవ్ రేంజ్ కలర్' అనే టిక్ బాక్స్ ఆన్ చేసి, స్కేల్‌లో ఎక్కడా లేని రంగు, ఉదాహరణకి ముదురు గులాబీ, ఇవ్వండి. టిక్ బాక్స్ కనబడకపోతే పైన గేర్ గుర్తు నొక్కండి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్లు వస్తాయి. ఇప్పుడు మూలన గులాబీ చుక్క ఒకటి మెరుస్తోంది కదా, అదే మీరు వెనక్కెళ్ళి మెష్ సరిచేయాల్సిన చోటు. కింది వైపుకి కూడా ఇలాంటి ఆప్షనే ఉంది, 'బిలో రేంజ్ కలర్'.

ఇక యానిమేషన్. సినిమా లాగా టైమ్ స్టెప్‌లు నడుస్తున్నప్పుడు ప్రతి స్టెప్‌కీ రేంజ్ మారిపోతే వస్తువు చల్లారుతున్నా తెలీదు, చివరిదాకా ఎర్రగానే మండుతున్నట్టు కనబడుతుంది. 'రీస్కేల్ టు డేటా రేంజ్ ఓవర్ ఆల్ టైమ్‌స్టెప్స్' అని వేరే బటన్ ఉంది, అది అన్ని స్టెప్‌లూ చదివి ఒకే రేంజ్ తీసుకుంటుంది. పెద్ద డేటా అయితే అన్ని ఫైళ్ళూ చదవాలి కాబట్టి టైమ్ పడుతుంది, ఈలోపు టీ తాగి రావచ్చు. మీకు ముందే రేంజ్ తెలిస్తే కస్టమ్ రేంజ్ ఇచ్చేసి, 'ఆటోమేటిక్ రీస్కేల్ రేంజ్ మోడ్' అనే చోట 'నెవర్' పెట్టేయండి, నేనైతే రిపోర్టు పని మొదలుపెట్టగానే చేసే మొదటి పని ఇదే. మామూలుగా అక్కడ 'గ్రో' అని మొదలయ్యే ఆప్షన్ ఉంటుంది, అంటే రేంజ్ పెరుగుతుంది తప్ప తగ్గదు. మొదట్లో సాల్వర్, అంటే లెక్క చేసే ప్రోగ్రామ్, ఇంకా కుదురుకోక ముందు వచ్చిన పెద్ద అంకెలు స్కేల్ మీద అలాగే ఉండిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో ప్లాట్‌లు గీసేవాళ్ళకి ఒక్క మాట: వీమిన్, వీమ్యాక్స్ (స్కేల్ కనిష్ఠం, గరిష్ఠం) ఇవ్వకపోతే అక్కడా ఇదే కథ. పక్కపక్కన పెట్టే ప్లాట్‌లన్నిటికీ ఒకే విలువలు ఇవ్వండి.

[స్క్రీన్: సిలిండర్ వెనక సుడులు. నీలం, తెలుపు, ఎరుపు.]

సరే, రంగుల దగ్గరికి వద్దాం. ఇది సిలిండర్ వెనక వోర్టిసిటీ, ఒకవైపు తిరిగే సుడి ప్లస్, ఇంకోవైపు తిరిగేది మైనస్. సున్నా దగ్గర తెలుపు ఉంటే చాలా బాగుంటుంది, కానీ ఇక్కడ డేటా మైనస్ 37 నుంచి ప్లస్ 52 దాకా ఉంది, ఆటోమేటిక్‌గా వదిలేస్తే తెలుపు వచ్చేది 7.5 దగ్గర. అంటే అసలు తిరుగుడే లేని చోట లేత నీలం కనబడుతుంది, చూసినవాడు అక్కడ ఏదో ఉందనుకుంటాడు. మైనస్ 52, ప్లస్ 52 అని రెండువైపులా సమానంగా ఇవ్వండి, చిక్కు తీరిపోతుంది. ఇలా మధ్యలో తటస్థ రంగుండి రెండు వైపులకీ విడిపోయే మ్యాప్‌లని డైవర్జింగ్ అంటారు. ప్యారావ్యూలో చాలా ఏళ్ళు డిఫాల్ట్‌గా ఉన్న 'కూల్ టు వార్మ్' ఆ రకమే, కెనెత్ మోర్లాండ్ 2009లో దాని గురించి పేపర్ రాశాడు.

మధ్యలో ప్రత్యేకమైన విలువ ఏదీ లేనప్పుడు, అంటే టెంపరేచర్, స్పీడ్ లాంటివాటికి, నేను విరిడిస్ పెడతాను. ముదురు ఊదాలో మొదలై పచ్చ మీదుగా పసుపుకి వెళుతుంది, విలువ పెరిగేకొద్దీ వెలుతురు కూడా ఒకే తీరుగా పెరుగుతుంది. దీన్ని స్టెఫాన్ వాన్ డెర్ వాల్ట్, నథానియల్ స్మిత్ 2015లో చూపించారు, 2017లో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 నుంచి అదే డిఫాల్ట్. మ్యాట్‌లాబ్ వాళ్ళు అంతకుముందే, 2014బి రిలీజ్‌లో, డిఫాల్ట్‌గా ఉన్న జెట్ తీసేసి పారులా అనే మ్యాప్ పెట్టారు.

జెట్ అంటే మనందరికీ తెలిసిన ఇంద్రధనుస్సు రంగులు. దాని మీద ఇంత కోపం ఎందుకంటారా?

[స్క్రీన్: ఒకే డేటా జెట్‌లో, విరిడిస్‌లో. తర్వాత రెండూ నలుపు తెలుపులో.]

రెండూ నలుపు తెలుపుకి మార్చాను. విరిడిస్‌లో తక్కువ ఉన్నచోట చీకటి, ఎక్కువ ఉన్నచోట వెలుగు, అర్థం చెడలేదు. జెట్‌లో అడుగున ముదురు నీలం, పైన ముదురు ఎరుపు రెండూ ఒకేలాంటి నల్లటి మచ్చలైపోయాయి, అంటే అతి వేడి, అతి చల్లన ఒకటే అయిపోయాయి. మత్తికెరెలో జిరాక్స్ షాపుకెళ్ళి థీసిస్ బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింటు తీసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. రంగుల్లో చూసినా గొడవే, జెట్‌లో సయాన్, పసుపు పట్టీలు గీత గీసినట్టు మెరుస్తాయి, డేటాలో అక్కడ ఏ అంచూ లేకపోయినా ఉన్నట్టు అనిపిస్తుంది. 2011లో హార్వర్డ్‌లో మిషెల్ బోర్కిన్ బృందం డాక్టర్లు చూసే రక్తనాళాల బొమ్మల మీద దీన్ని పరీక్షించింది. టూడీ బొమ్మల్లో ఇంద్రధనుస్సు రంగులున్నప్పుడు ప్రమాదకరమైన చోట్లలో 62 శాతమే పట్టుకోగలిగారు, డైవర్జింగ్ రంగులకి మారిస్తే 91 శాతం. ఎరుపు, పచ్చ తేడా తెలియనివాళ్ళ సంగతి సరేసరి, ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్ళలో దాదాపు 12 మందిలో ఒకరికి ఆ ఇబ్బంది ఉంది, మీ పేపర్ చూసే రివ్యూయర్ అందులో ఒకడు కావచ్చు.

"మా మేనేజర్‌కి రెయిన్‌బోనే కావాలి అన్నా, లేకపోతే సీఎఫ్‌డీ లాగా లేదంటాడు." ఈ మాట నేనూ చాలా విన్నాను. వాదించకండి. టర్బో అని గూగుల్ వాళ్ళు 2019లో ఇచ్చిన మ్యాప్ ఉంది, చూడ్డానికి ఇంద్రధనుస్సే, జెట్‌లో ఉన్న దొంగ గీతలు బాగా తగ్గాయి. అది పెట్టి ఇవ్వండి, ఆయనా సంతోషిస్తాడు, మీరూ ఇంటికెళ్తారు. నలుపు తెలుపు ఇబ్బంది మాత్రం టర్బోలో కూడా ఉంటుంది.

[స్క్రీన్: 'నంబర్ ఆఫ్ టేబుల్ వాల్యూస్' దగ్గర 256ని 12 చేయాలి.]

ఇది నాకు ఇష్టమైన సెట్టింగ్. మామూలుగా స్కేల్‌ని 256 ముక్కలు చేస్తుంది కాబట్టి రంగులు పాలల్లా కలిసిపోతాయి, మన కన్ను లెజెండ్‌లో ఏ రంగు ఏ అంకెదో పోల్చుకోలేదు. 300 నుంచి 360కి 12 ముక్కలు చేస్తే ఒక్కో పట్టీ సరిగ్గా 5 కెల్విన్. ఇప్పుడు చూసినవాడు పట్టీలు లెక్కపెట్టుకుని "ఈ చోటు 340, 345 మధ్య" అని చెప్పగలడు. 10 పెడితే పట్టీ 6 అవుతుంది, 7 పెడితే ఇంకా దిక్కుమాలిన అంకె వస్తుంది, కాబట్టి రేంజ్‌నీ ముక్కల్నీ కలిపి ఆలోచించండి.

టర్బులెన్స్‌లో ఎప్సిలాన్ (సుడుల శక్తి వేడిగా కరిగిపోయే రేటు), గాలిలో కాలుష్యం గాఢత లాంటివి చోటు మారితే వందల రెట్లు మారతాయి, వాటికి లాగ్ స్కేల్ టిక్ పెట్టండి. సున్నా, మైనస్ విలువలకి లాగ్ ఉండదు కాబట్టి కింది హద్దు ముందే చిన్న ప్లస్ అంకెకి మార్చాలి.

ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: లైటింగ్. త్రీడీలో వంపు తిరిగిన ఉపరితలం మీద ప్యారావ్యూ వెలుగునీడలు వేస్తుంది, నీడ పడ్డచోట లేత రంగు ముదురుగా మారి లెజెండ్‌తో సరిపోలదు. ఆకారం చూపించాలంటే లైటింగ్ ఉండాలి, అంకె చదివించాలంటే ఉండకూడదు. ప్రాపర్టీస్ ప్యానెల్ పైన వెతికే పెట్టెలో యాంబియంట్ అని టైప్ చేసి దాన్ని 1 చేయండి, డిఫ్యూజ్ సున్నా చేయండి, నీడలు పోతాయి. లేదా స్లైస్ తీసి ఎదురుగా చూపించండి, అది ఇంకా సుఖం.

అలాగే వేరియబుల్ పేరు పక్కన చిన్న గుర్తు చూడండి, అది సెల్ డేటానా (ఒక్కో గడికి ఒక విలువ) పాయింట్ డేటానా (గళ్ళ మూలల దగ్గర విలువలు) చెబుతుంది. సెల్ డేటా గళ్ళు గళ్ళుగా కనబడుతుంది, అందంగా లేదని చాలామంది పాయింట్ డేటాకి మార్చేస్తారు. అలా మార్చినప్పుడు చుట్టుపక్కల సెల్స్ సగటు తీస్తుంది కాబట్టి శిఖరం కొంచెం తెగుతుంది. గరిష్ఠ విలువ చెప్పాల్సి వస్తే సెల్ డేటాలోంచే తీసుకోండి.

[స్క్రీన్: లెజెండ్ మీద 'పి' అని మాత్రమే ఉంది.]

ఓపెన్‌ఫోమ్ అనే సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు ఇది వినండి. సింపుల్‌ఫోమ్, ఐకోఫోమ్ లాంటి ఇన్‌కంప్రెసిబుల్ (సాంద్రత మారదని తీసుకునే) సాల్వర్లు ఇచ్చే 'పి' పాస్కల్స్‌లో ఉండదు, సాంద్రతతో భాగించిన ప్రెషర్ అది, యూనిట్ మీటర్ స్క్వేర్ పర్ సెకండ్ స్క్వేర్. కాల్క్యులేటర్ ఫిల్టర్ పెట్టి గాలికైతే సుమారు 1.2తో, నీళ్ళకైతే సుమారు 1000తో గుణించండి, ఆ తర్వాతే లెజెండ్ టైటిల్‌లో పాస్కల్ అని రాయండి. నీళ్ళ కేసులో ఇది వదిలేస్తే వెయ్యి రెట్లు తప్పు, రంగులు మాత్రం ఎంతో చక్కగా ఉంటాయి.

చివరగా బొమ్మ సేవ్ చేయడం. స్క్రీన్ బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే చేత్తో తెలుపు చేస్తే లెజెండ్ మీద తెల్ల అక్షరాలు మాయమవుతాయి. దాని బదులు 'సేవ్ స్క్రీన్‌షాట్' తెరిచి అందులో 'ఓవర్‌రైడ్ కలర్ ప్యాలెట్' దగ్గర వైట్ బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకోండి, అక్షరాలు వాటంతటవే నల్లగా మారతాయి. రిజల్యూషన్ కూడా అక్కడే పెంచుకోవచ్చు.

ఇంత కష్టపడి పెట్టిన సెట్టింగులు రేపు మళ్ళీ చేయక్కర్లేదు. కలర్ మ్యాప్ ఎడిటర్‌లో 'సేవ్ టు ప్రీసెట్' నొక్కి పేరు పెట్టండి, ప్రీసెట్ల కిటికీలోంచి జేసన్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి టీమ్ గ్రూపులో పడేయండి. వాళ్ళు ఇంపోర్ట్ చేసుకుని లోడ్ చేసేటప్పుడు 'యూజ్ ప్రీసెట్ రేంజ్' టిక్ తీసేయకుండా చూసుకోమనండి, అది తీసేస్తే రంగులు వస్తాయి గానీ మీ 300, 360 రావు.