కారుకూ ఒక కళాయి పూత ఉంటుంది

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో తెల్లవారుజామున నాలుగున్నరకే పనిలో పడేవాళ్లలో ట్యాక్సీ డ్రైవర్లు ముందుంటారు. మా వీధి చివర ఒక అబ్బాయి ఉన్నాడు. యాత్రికులను కొండకు తీసుకెళ్లే బండి అతనిది, ముదురు బూడిద రంగు. ఆ వేళకు ఎప్పుడు చూసినా పొడి బట్టతో రాత్రి పడిన దుమ్మును గబగబా తుడుస్తూ కనిపించేవాడు. బండి శుభ్రంగానే ఉండేది. కానీ ఎండలో బానెట్ వైపు చూస్తే, సూర్యుడి ప్రతిబింబం పడిన చోట చుట్టూ సాలెగూడు అల్లినట్టు వేల గీతలు. "పాలిష్ కొట్టిస్తే పోతాయా సార్?" అని అడిగాడు ఒకరోజు.

పోతాయి. అయితే ఆ పొడి బట్ట చేతిలో ఉన్నంతకాలం మళ్లీ వస్తాయి. అతనికి ఆ రోజు చెప్పిన విషయాలే ఇప్పుడు మీకూ చెబుతాను.

ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి పూయించే రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇసుక వేసి బలంగా తోమితే ఆ తగరం పూత అరిగి ఇత్తడి బయటపడేది, చారు కిలుమెక్కేది. కళాయి వేసేవాళ్లు వీధిలోకి వచ్చినప్పుడు మళ్లీ పూయించేవాళ్లం. ఈ కాలపు కార్లకూ అలాంటి పూత ఒకటి ఉంది. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. మనం మెరుపు అనుకునేది ఈ పై పొర నునుపే. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలుచన. గిన్నెకు కళాయి మళ్లీ పూయించవచ్చు. కారుకు ఈ పొర పోతే ఆ భాగానికి మొత్తం పెయింటు వేయించాల్సిందే.

పాలిష్ చేయడమంటే ఈ పొరను అరగదీయడమే. గీతను పాలిష్ పూడ్చదు. గీత అడుగు ఎంత లోతులో ఉందో, చుట్టూ ఉన్న పూతను అంతవరకూ తగ్గించి సమం చేస్తుంది. కొన్ని పాలిష్‌లలో గీతల్ని తాత్కాలికంగా కప్పే నూనెలు ఉంటాయి, అవి నాలుగు వాష్‌లకు కడుక్కుపోతాయి. నా మొదటి కారు విషయంలో ఇది తెలియక చాలా నష్టపోయాను. పండగ పండగకూ ఒక వాషింగ్ షాపులో మిషన్‌తో కాంపౌండ్, అంటే గరుకు పాలిష్, కొట్టించేవాణ్ణి. కొట్టించిన రోజు అద్దంలా ఉండేది. కొన్నేళ్లకు బానెట్ అంచుల్లో, డోర్ మడతల దగ్గర పూత పొట్టులా లేచిపోయింది. అంచుల్లో పెయింటు పలుచగా ఉంటుంది, మిషన్ వేడి కూడా అక్కడే ఎక్కువ తగులుతుంది. ఆ బండిని చూసినప్పుడల్లా మనసుకు కష్టంగా ఉండేది.

అందుకే నేను గట్టిగా చెప్పే మాట ఇది: పాలిష్ అరుదుగా చేయండి, వాక్స్, అంటే పెయింటును కాపాడే మైనపు పూత, తరచుగా పెట్టండి, పొడి బట్ట అసలు తాకించకండి. మన దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుకలోని పలుగురాయి రేణువు ఇనుము కంటే కూడా గట్టిది. బట్ట కింద అది నలిగితే పెయింటు మీద గీత పడక తప్పదు.

కడిగేటప్పుడు ముందు నీళ్లు ధారగా పోసి దుమ్మును జారనివ్వాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో కార్ షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. బట్టను ప్రతిసారీ మామూలు నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి. పైనుంచి కిందికి రావాలి, ఎందుకంటే మట్టంతా కింది భాగంలోనే ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బు వద్దు, జిడ్డుతో పాటు వాక్స్‌నీ లాగేస్తుంది.

ఇక మన బోరు నీళ్లు. చాలా వీధుల్లో బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటాయి కదా, ఎండలో కడిగిన కారు మీదా అదే జరుగుతుంది. నీరు ఆవిరైపోయి సున్నపు మచ్చ మిగులుతుంది. నీడలో, పొద్దున్నే కడిగి మెత్తటి మైక్రోఫైబర్ బట్టతో వెంటనే తడి అద్దాలి. పడిన మచ్చలు కొత్తవైతే వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తడిపి, ఒకటి రెండు నిమిషాల్లో బాగా కడిగేయండి. ఇత్తడికి చింతపండు వాడినట్టే ఇదీ. అలాగని చింతపండే రుద్దకండి, దాని పీచుకు గీతలు పడతాయి.

కొండ దిగి వచ్చే బండ్లకు ఇంకో బాధ ఉంది. ఘాట్ రోడ్డులో బ్రేకులు ఎక్కువగా పడతాయి. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి వేడిగా ఎగిరి పెయింటుకు అతుక్కుంటుంది. తర్వాత అది తుప్పుపట్టి గోధుమరంగు చుక్కలవుతుంది. కడిగిన తర్వాత చేతికి ఒక పలుచటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని చక్రాలకు వెనకవైపు ఉన్న పెయింటును మెల్లగా తడిమి చూడండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవర్‌తో తెలుస్తుంది. గరుకుంటే క్లే బార్ అని దొరుకుతుంది, మైదాపిండి ముద్దలా మెత్తగా ఉంటుంది. షాంపూ నీళ్లు చిలకరించి, నొక్కకుండా దాన్ని జార్చాలి. అది కింద పడితే మాత్రం పారేయండి, ఇసుక అంటుకుని ఉంటుంది.

ఇప్పుడు పాలిష్. గీత మీద గోరు అడ్డంగా పెట్టి లాగండి. గోరు తట్టుకుంటే అది పాలిష్‌తో పోయే గీత కాదు, వదిలేయండి. తట్టుకోకపోతే అన్నిటికంటే మెత్తటి పాలిష్‌తో, చేత్తో మొదలుపెట్టండి. స్పాంజ్ మీద శనగగింజంత చుక్కలు రెండు మూడు చాలు. రెండడుగుల చదరం చొప్పున చేసి, తుడిచి, చూసుకుని ముందుకు వెళ్లాలి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు ముందే టేపు అంటించండి, తెల్ల మరక పడితే పోవడం కష్టం. మెరుపులేని మ్యాట్ ఫినిష్ కార్లకు పాలిష్, మామూలు వాక్స్ రెండూ పనికిరావు.

వాక్స్ దగ్గర నాకు ముచ్చటేసే సంగతి ఒకటుంది. "తామరాకు మీద నీటిబొట్టు" అంటాం కదా. తామరాకు మీద కంటికి కనిపించని సన్నటి బుడిపెలు, వాటి మీద మైనపు పూత ఉంటాయి, అందుకే నీరు ముత్యంలా నిలబడి జారిపోతుంది. కార్లకు పేరున్న కార్నాబా వాక్స్ కూడా ఆకు మైనమే. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాళవృక్షం ఎండకు వాడిపోకుండా ఆకుల మీద దాన్ని తయారుచేసుకుంటుంది. ఆకులు ఎండబెట్టి దులిపితే పొడిలా రాలుతుంది. అది సుమారు 80 డిగ్రీలు దాటితేగానీ కరగదు. ఆ చెట్టు తనకోసం దాచుకున్నదాన్నే మనం మన బండికి కప్పుతున్నాం.

పెట్టేటప్పుడు బానెట్ చేతికి చల్లగా తగలాలి. వీలైనంత పలుచగా పూయండి, మందంగా పూస్తే తుడవడానికి శ్రమే తప్ప లాభం లేదు. మసకగా ఆరాక వేలితో గీస్తే శుభ్రంగా వస్తుంది, అప్పుడు కొత్త బట్టతో తుడవాలి. మన ఎండలకు రెండు నెలలకొకసారి పెట్టుకుంటే మంచిది. నీళ్లు బొట్లుగా నిలవకుండా పలుచగా పరుచుకుంటే వాక్స్ అయిపోయినట్టు.

కాణిపాకంలో వాహన పూజ చేయించుకుని పసుపు, కుంకుమ బొట్లతో ఇంటికి వస్తాం. వాటిని పొడిగా ఎప్పుడూ గీకకండి. నీళ్లు పోసి నాననివ్వండి, చాలు. కాకి రెట్టా, వేపచెట్టు కింద పడే జిగురూ అంతే, ఆ రోజే నీళ్లతో తీసేయాలి. రెట్టలోని ఆమ్లం ఎండలో పూతను తినేస్తుంది.

మా వీధి అబ్బాయి ఇప్పుడు పొడి బట్ట మానేశాడు. డిక్కీలో ఒక నీళ్ల సీసా, నాలుగు మెత్తటి బట్టలు పెట్టుకున్నాడు. టైం లేని రోజు దుమ్ము అలాగే ఉంచి వెళ్తాడు. "ఎక్కేవాళ్లు ఏమైనా అంటారేమో అనుకున్నా సార్, ఎవరూ ఏమనలేదు" అన్నాడు. మొన్న ఆయుధ పూజ మర్నాడు వచ్చి, బానెట్ మీది బొట్లు రెండు మగ్గుల నీళ్లకే జారిపోయాయని చూపించాడు. పాత గీతలు కొన్ని ఇంకా ఉన్నాయి. వాటిని అలాగే ఉంచమన్నాను.

సెలవు. నమస్కారం.