ఎంఆర్‌పీ ఉండగా అర అంచున ధర చీటీ ఎందుకు?

నమస్కారం. బెంగళూరులో కిరాణా దుకాణమో, చిన్న సూపర్‌మార్కెట్టో నడుపుతున్న తెలుగువారి కోసం చేస్తున్న వీడియో ఇది. మారతహళ్లి, కె.ఆర్. పురం వైపు మనవాళ్ల దుకాణాలకు వెళ్లినప్పుడల్లా నాకు ఒకే మాట వినిపిస్తూ ఉంటుంది: "సరుకు మీద ఎంఆర్‌పీ అచ్చేసే ఉంటుంది కదండీ, మళ్లీ ర్యాకుకు ధర చీటీలూ, వాటికి హోల్డర్లూ అంటే దండగ ఖర్చు." ఎంతో కష్టపడి దుకాణం నడిపేవారు ఈ ఒక్క అపోహ వల్ల రోజూ బిల్లింగు కౌంటరు దగ్గర మాట పడుతున్నారు. అది చూసి ఊరుకోలేకే ఈ విషయాన్ని వివరంగా చెబుతున్నాను.

ఎంఆర్‌పీ అనేది ధరకు పైహద్దు మాత్రమే. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం అంతకు మించి అమ్మకూడదు. తగ్గించి అమ్ముకోవడం దుకాణదారు ఇష్టం. పప్పులు, నూనెలు, సబ్బులు ఎంఆర్‌పీకే అమ్మితే ఈ ఊళ్లో గిరాకీ నిలవదన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అంటే మీరు ఈ రోజు ఆ సరుకును ఎంతకు ఇస్తారన్నది పొట్లం మీద ఎక్కడా ఉండదు. అది మీ బిల్లింగు కంప్యూటరులో ఉంటుంది. అర అంచున చీటీ పెడితే అక్కడ ఉంటుంది. చీటీ పెట్టకపోతే కొనేవారికి అసలు ధర తెలిసేది డబ్బు చెల్లించే వేళకే.

దీన్ని సిటీ బస్సుతో పోల్చి చెబుతాను. మెజెస్టిక్ నుంచి మారతహళ్లి మీదుగా కాడుగోడి వెళ్లే 335-ఇ బస్సును తలచుకోండి. ఆ బస్సు నుదుట ఒక చట్రం, అందులో ఒక బోర్డు ఉంటాయి. బోర్డు లేకపోయినా బస్సు కాడుగోడికే వెళుతుంది, ఎక్కాక కండక్టరు ఎక్కడికో చెబుతాడు కూడా. అయినా బోర్డు లేని బస్సును మనం ఎక్కం, ఎందుకంటే ఎక్కాలా వద్దా అన్నది ఎక్కకముందే తేల్చుకోవాలి. ధర చీటీ ఆ బోర్డు లాంటిది, హోల్డరు ఆ చట్రం లాంటిది, బిల్లింగు కౌంటరులోని మనిషి కండక్టరు లాంటివాడు. ఎంఆర్‌పీ ఉంది కదా అనడం, ఈ బస్సు బెంగళూరు దాటి పోదు కదా, ఇక బోర్డెందుకు అన్నట్టుంటుంది.

ఈ అపోహ మన దేశంలోనే ఇంత బలంగా ఉండడానికి ఒక కారణం ఉంది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణపు సూపర్‌మార్కెట్‌లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు బార్‌కోడ్‌ను మొదటిసారి స్కాన్ చేసి బిల్లు వేశారు. అంతకుముందు అక్కడ ఒక్కొక్క సరుకు మీదా దుకాణంవాళ్లే ధర ముద్ర వేసేవారు. బార్‌కోడ్ వచ్చాక ధర కంప్యూటరుకు తెలుసు కాబట్టి ఆ పని క్రమంగా తగ్గింది, కొనేవారికి ధర చెప్పే భారమంతా అర అంచు మీద పడింది. మన దగ్గర కథ వేరుగా నడిచింది. 1990లో ప్రవేశపెట్టిన ఎంఆర్‌పీ నిబంధనతో తయారీదారు అచ్చు వేసిన అంకె ప్రతి పొట్లం మీదికీ వచ్చి చేరింది, దుకాణదారు తన ధరను తాను ప్రకటించుకునే అలవాటు అంతగా పెరగలేదు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు ఆ అలవాటు లేకపోవడం ఎంత నష్టమో తెలిసివచ్చింది. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులపై పన్ను 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్నలపై 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 100 రూపాయలున్న షాంపూ సీసా పాత లెక్కన 118, కొత్త లెక్కన 105. పాత సరుకు ఇంకా అరల్లో ఉండగానే కొత్త సరుకు వచ్చింది, పక్కపక్కన ఉన్న రెండు ఒకే రకం సీసాల మీద రెండు ఎంఆర్‌పీలు కనిపించాయి. అర అంచున సరైన చీటీ ఉన్న దుకాణంలో ఎవరూ ఆగి అడగలేదు. చీటీ లేని చోట ప్రతి సీసాకూ ఒక వాదన నడిచింది.

తగ్గించిన ధరను పొట్లం మీదే స్టిక్కరుగా అంటిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. మామూలు రోజుల్లో ఎంఆర్‌పీని తగ్గించి చూపే స్టిక్కరు వేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి గాని, అది తయారీదారు అచ్చు వేసిన ఎంఆర్‌పీని కప్పకూడదు. వందల పొట్లాలకు జాగ్రత్తగా అంటించి, తగ్గింపు గడువు దాటగానే మళ్లీ పీకడం కంటే అంచున ఒక్క చీటీ మార్చడం ఎంతో తేలిక.

చీటీ చేసే మరొక మేలు యూనిట్ ధర, అంటే కిలోకు ఎంత పడుతుందన్నది. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం పొట్లం మీద యూనిట్ ధర కూడా అచ్చు వేయాలి. అయితే కిలో లోపు పొట్లం మీద గ్రాముకు ఎంతో, కిలో పైబడిన దాని మీద కిలోకు ఎంతో వేస్తారు. పైగా ఆ లెక్క ఎంఆర్‌పీ మీద కట్టినది. అరకిలో కందిపప్పు ఎంఆర్‌పీ 100 రూపాయలు అనుకుందాం, పొట్లం మీద గ్రాముకు 0.20 అని ఉంటుంది. మీరు దాన్ని 92 రూపాయలకే, పక్కనున్న కిలో పొట్లాన్ని 175 రూపాయలకు ఇస్తున్నారు. అరకిలోవి రెండు కొంటే 184 అవుతుందని పొట్లాలు చూసి ఎవరు తేల్చుకోగలరు? రెండు చీటీల మీదా "కిలోకు 184", "కిలోకు 175" అని మీరు రాస్తే చూపు పడగానే తెలుస్తుంది. కొనేవారికి ఇంతటి గౌరవం ఇచ్చే దుకాణాన్ని వారు సులువుగా వదులుకోరని నా నమ్మకం.

[తెరపై: ఉక్కు ర్యాకు అంచు, పక్కన ప్లాస్టిక్ పట్టీ, స్కేలు]

ఇక హోల్డరు దగ్గరకు వద్దాం. చాలామంది చీటీని సెల్లో టేపుతో నేరుగా ర్యాకుకు అంటిస్తారు. బస్సు నుదుట బోర్డును మేకులతో కొట్టేస్తే రూటు మారిన రోజున ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. పీకడం కష్టం గనుక ఎవరూ మార్చరు, ధర మారినా పాత చీటీ అక్కడే ఉండిపోతుంది. తప్పు బోర్డు పెట్టుకున్న బస్సు బోర్డు లేని బస్సు కంటే చెడ్డది. కాబట్టి హోల్డరు ఎంపికలో నేను మొదట చూసేది ఒకటే: కుర్రవాడు ఒక చేత్తో, పనిముట్టు లేకుండా, చీటీ మార్చగలగాలి.

మన దగ్గర ఎక్కువగా దొరికేది పీవీసీతో పట్టీలా తీసిన హోల్డరు, దీన్నే డేటా స్ట్రిప్ అంటారు. వెనక గట్టి తెల్లని భాగం, ముందు మెత్తని పారదర్శకమైన మూత, రెండూ ఒక అంచున కలిసే ఉంటాయి. బొటనవేలి గోటితో మూతను కొద్దిగా ఎత్తితే చీటీ లోపలికి జారుతుంది, వేలు తీయగానే మూత తనంతట తానే మూసుకుంటుంది. కొనే ముందు ఈ మూతను పదేపదే ఎత్తి చూడండి. మడత దగ్గర తెల్లటి గీత పడితే ఆ పట్టీ ఎక్కువ కాలం రాదు.

పట్టీ ఎత్తును మీ ర్యాకు అంచును స్కేలుతో కొలిచాకే నిర్ణయించుకోవాలి. 26, 39 మిల్లీమీటర్ల పట్టీలు సాధారణంగా దొరుకుతాయి. చీటీ మీద బార్‌కోడ్ కూడా వేయాలనుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి: 13 అంకెల బార్‌కోడ్ పూర్తి సైజులో దాదాపు 37 మిల్లీమీటర్ల వెడల్పు, 26 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అది 26 మిల్లీమీటర్ల పట్టీలో పెడితే ధరకు చోటే మిగలదు. నా సలహా 39. అందులో ధర అంకెలు ఎడంగా, పెద్దగా వేయవచ్చు, సరుకు పేరు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ పట్టించవచ్చు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక చిక్కుంది. బిల్లు ప్రింటరు లాంటి థర్మల్ ప్రింటరుతో చీటీలు తీసి మెత్తని పీవీసీ మూత కింద పెడితే కొన్నాళ్లకు అంకెలు పాలిపోతాయి. దుకాణదారులు ప్రింటరునో కాగితాన్నో తిడతారు. అసలు కారణం ఏమిటంటే, పీవీసీని మెత్తబరచడానికి కలిపే ప్లాస్టిసైజర్ నెమ్మదిగా బయటికి ఊరి కాగితం మీది థర్మల్ పూతను చెరుపుతుంది. మామూలు లేజర్ ప్రింటరుతో తీసిన కాగితానికి ఈ బెడద అంతగా ఉండదు. థర్మల్ ప్రింటరే వాడాలంటే పైపూత ఉన్న థర్మల్ కాగితం తీసుకోండి, లేదా ప్లాస్టిసైజర్ కలపని పెట్ (PET) అనే ప్లాస్టిక్ మూత ఉన్న హోల్డరు అడగండి.

అంటించడంలోనూ తొందర పనికిరాదు. పప్పుల ర్యాకు అంచున దుమ్ము, నూనె జిడ్డు కలిసిన పలుచని పొర ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే అది పోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, డబుల్ సైడ్ టేపు ఉన్న పట్టీని ఒక చివర నుంచి మరో చివరకు వేలితో గట్టిగా నొక్కుకుంటూ పోవాలి. ఆ టేపుకుండే అక్రిలిక్ జిగురు పూర్తి పట్టు సాధించడానికి మూడు రోజుల వరకు పడుతుంది. అందుకే కనీసం ఒక రోజు ఆగి చీటీలు పెట్టండి. అంటించిన గంటకే మూతలు లాగి, ఊడి వస్తోందని పట్టీని నిందించడం న్యాయం కాదు.

కింది అరల సంగతి కూడా ఆలోచించండి. దూరం నుంచి చూసేవారికి బస్సు నుదుటి బోర్డు, తలుపు దగ్గర నిలబడినవారికి పక్క బోర్డు ఉన్నట్టే, కంటి ఎత్తున ఉన్న అరకు నిటారు పట్టీ, మోకాళ్ల కింది అరకు పైకి వాలిన పట్టీ ఉండాలి. అన్నిటికీ ఒకే పట్టీ కొంటే కింది వరుస ధరల కోసం పెద్దవాళ్లు నడుం వంచాల్సి వస్తుంది.

సమయం దగ్గరపడుతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. ఫ్రిజ్‌లో చెమ్మ వల్ల జిగురు నిలవదు, తీగ అరలకు తీగను పట్టుకునే క్లిప్పు హోల్డర్లు వాడండి. గాజు అరలకు గాజు మందాన్ని కొలిచి స్ప్రింగు క్లిప్పు తీసుకోండి. అయస్కాంతపు హోల్డర్లు మామూలు ఉక్కుకు బాగా పట్టుకుంటాయి, అల్యూమినియానికి పట్టవు. కొక్కేలకు వేలాడదీసే సరుకుకు కొక్కెం కొన తొడుక్కొని పైకి ఎత్తుకునే హోల్డరు ఉంటుంది, చీటీని ఎత్తి సరుకు తీసుకోవచ్చు.

చివరగా ఎలక్ట్రానిక్ చీటీలు. బస్సులకు ఎల్‌ఈడీ బోర్డులు వచ్చినట్టే అరలకు ఇవి వస్తున్నాయి. వీటి ఇ-పేపర్ తెర అంకె మారినప్పుడే కరెంటు వాడుకుంటుంది కాబట్టి చిన్న బ్యాటరీతో ఏళ్లపాటు నడుస్తుంది, ధర కంప్యూటరులో మార్చగానే ఇక్కడా మారుతుంది. అయితే ఇవి కూడా అంచున ఉన్న పట్టీకే తగిలించుకోవాలి. ముందుముందు వాటికి మారే ఆలోచన ఉన్నవారు ఇప్పుడే 39 మిల్లీమీటర్ల పట్టీ వేయించుకొని, ఎలక్ట్రానిక్ చీటీ అమ్మేవారి దగ్గర ఆ ఎత్తుకు సరిపోయే క్లిప్పు ఉందో లేదో అడిగి రాయించుకోండి. దుకాణమంతటికీ ఒకేసారి ఆర్డరు పెట్టకుండా, ధరలు తరచుగా మారే పప్పుల ర్యాకు ఒక్కదానికి ముందు వేయించి, ఒకటి రెండు సార్లు ధరలు మార్చి చూసుకొని, ఆ తర్వాత మిగిలిన వాటికి కొలతలు ఇవ్వండి.