తప్పు బూడిదది కాదు

వేదిక మీది పెద్దలకు, మేస్త్రీలకు, పాలిటెక్నిక్ పిల్లలకు నమస్కారం. ఇంజినీర్ల దినోత్సవం కాబట్టి విశ్వేశ్వరయ్య గారి గురించి చెప్పాలి. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదు కోసం ఆయన చేసిన పని మీకు తెలిసిందే. నాకిచ్చిన అంశం కాంక్రీటులో వ్యర్థాల వాడకం. రామగుండం, చెల్పూరు కరెంటు ప్లాంట్ల బొగ్గు బూడిద, మన రైసుమిల్లుల ఊక బూడిద, కరీంనగర్ గ్రానైటు కోతలో వచ్చే బురద, అన్నిటి గురించీ రాసుకొచ్చాను. కానీ ఇందాక టీ దగ్గర ఒక మేస్త్రీ "బూడిద సిమెంటుకు బలముండదు సార్" అన్నాడు. ఇవాళ ఆ మాటనే పట్టుకుంటా.

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం పుడుతుంది. దానితో బలమేమీ రాదు. సన్నటి బొగ్గు బూడిదలోని సిలికా ఆ సున్నాన్ని పట్టుకొని మళ్లీ జిగురుగా మారుతుంది. ఇది నిదానంగా జరిగే పని. అందుకే బూడిద కలిసిన సిమెంటు బలంలో మొదట్లో వెనకబడ్డా, 90 రోజులకల్లా మామూలు సిమెంటును అందుకుంటుంది, చాలాసార్లు దాటుతుంది. కానీ లోపల తడి ఉండాలి!

భూపాలపల్లి వైపు ఒక ఊళ్లో బడి గదికి స్లాబు పోశారు. ఏప్రిల్ ఎండ. తెల్లారి మళ్లు కట్టి నీళ్లు నిలిపారు. మూడో రోజు ట్యాంకరు రాలేదు, తర్వాత కూడా రాలేదు. నేను ఎక్కి చూస్తే మడి గట్లు ఎండి పెళ్లలు లేచినయి. అరచేత్తో రాస్తే తెల్లటి పిండి అంటింది. గదికి అడ్డంగా వెంట్రుక మందం బీటలు. కాంట్రాక్టరు "బూడిద సిమెంటు గదా" అన్నాడు. సర్పంచి నమ్మాడు, పిల్లల తల్లులూ నమ్మారు. నీళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

తమ్మీ, ఆ మూలనున్న ఖాళీ బస్తా ఇటు తే. చూడండి, పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటు. బూడిద శాతం ఇక్కడే అచ్చేసి ఉంది. 15 నుంచి 35 దాకా ఉండొచ్చు. 35 అంటే 50 కిలోల బస్తాలో పదిహేడున్నర కిలోలు బూడిదే. ఫ్యాక్టరీలో లెక్కప్రకారం కలిపింది. దాని మీద మీరు కరెంటు ప్లాంటు బూడిద చెరువులోది ట్రాక్టరుతో తెచ్చి కలపొద్దు, అది ముతక. మిల్లు బాయిలరు ఊక బూడిద నల్లగా ఉంటే అసలే వద్దు, కాలని బొగ్గు నీళ్లు తాగేస్తుంది. గ్రానైటు పొడి సిమెంటు పని చేయదు, ఇసుకలో కొంత భాగానికైతే పరీక్ష చేయించి వాడొచ్చు.

మళ్లీ నీళ్ల దగ్గరికే వస్తున్నా. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణాల పుస్తకం ఐఎస్ 456 ఏమంటుంది? మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసినదానికి కనీసం 10, వీలైతే 14 రోజులు తడపాలి. ముందు వరుసలో పంచాయతీరాజ్ ఇంజినీర్లున్నారు. అయ్యా, ఎస్టిమేటులో ట్యాంకరుకు, నీళ్లు కొట్టే మనిషికి 14 రోజుల కూలి విడిగా రాయండి. ఆ రోజులు పూర్తికానిదే స్లాబు బిల్లు మీద సంతకం పెట్టకండి. మేస్త్రీలలో అడిగేవాళ్లుంటే అడగండి, మైకు వెనక్కి పంపిస్తున్నా.