చార్ట్‌లోంచి ఆ పాటని తీసేసింది చెవులు కాదు, రేడియో!

19 వారాలు. అమెరికాలో పాటలకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక ప్రధాన చార్ట్ హాట్ 100లో నంబర్ వన్. 2019లో లిల్ నాస్ ఎక్స్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’, 2024లో షాబూజీ ‘ఎ బార్ సాంగ్’. ఇద్దరూ నల్లజాతి గాయకులే, రెండు పాటల్లోనూ హిప్ హాప్ ఉంది. కానీ మొదటిది కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) కాదంట, రెండోది కంట్రీనేనంట! ఏం కొలబద్ద అండీ ఇది?

2019 మార్చిలో ఓల్డ్ టౌన్ రోడ్ బిల్‌బోర్డ్ వారి కంట్రీ పాటల చార్ట్ హాట్ కంట్రీ సాంగ్స్‌లోకి 19వ స్థానంలో వచ్చింది. వచ్చీ రాగానే బిల్‌బోర్డ్ వాళ్లు తీసేశారు. నేటి కంట్రీ లక్షణాలు చాలినన్ని లేవన్నారు. మరి 2013లో తెల్లజాతి కంట్రీ జంట ఫ్లోరిడా జార్జియా లైన్ పాడిన ‘క్రూజ్’ సంగతేంటి? ర్యాపర్ నెల్లీతో రీమిక్స్ చేశారు, అదే చార్ట్‌లో మొత్తం 24 వారాలు నంబర్ వన్! అప్పుడు ర్యాప్ ఎవరికీ అడ్డం రాలేదే?

అసలు కిటుకు ఇక్కడుంది. హాట్ కంట్రీ సాంగ్స్‌లో స్ట్రీమింగ్, డౌన్‌లోడ్లు, అన్ని రకాల రేడియోలూ లెక్కకొస్తాయి. అంటే జనం వింటే చాలు, పాట పైకెళ్తుంది. కానీ ఏ పాట కంట్రీయో ముందు బిల్‌బోర్డ్ తేల్చాలి. కంట్రీ ఎయిర్‌ప్లే వేరే చార్ట్. అందులో కంట్రీ స్టేషన్లు వేసినవే లెక్క. నేను చెప్పేది ఒక్కటే: స్టేషన్లు నెత్తిన పెట్టుకున్న పాటే కంట్రీ అయిపోతోంది. బార్ సాంగ్‌ని వాళ్లు వేశారు, ఎయిర్‌ప్లేలోనూ నంబర్ వన్. ఓల్డ్ టౌన్ రోడ్ ఏప్రిల్ 5న బిల్లీ రే సైరస్ అంతటి కంట్రీ గాయకుణ్ణి వెంటబెట్టుకొచ్చినా ఎయిర్‌ప్లేలో 50వ స్థానం దాటి పైకి రాలేదు!

పోనీ వాయిద్యం చూద్దామా? ఓల్డ్ టౌన్ రోడ్ మొదలయ్యేదే బాంజో అనే తీగల వాయిద్యంతో. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బ్యాండ్ ట్రాక్ లోంచి తీసుకున్న ముక్క అది. దాని మీద కట్టిన బీట్‌ని 30 డాలర్లకి కొన్నారు. ఇంతకీ బాంజో ఎవరిది? బానిసలుగా అమెరికాకి తెచ్చిన ఆఫ్రికన్లది. వాళ్ల వాయిద్యం కంట్రీ అవుతుందిగానీ, వాళ్ల వారసుడి పాట కాదా?

తీసేసినా ఆగిందా? మొదటి వెర్షన్ నిడివి 1 నిమిషం 53 సెకన్లు. గంటలో 31 సార్లు వినొచ్చు. మూడున్నర నిమిషాల పాటైతే 17 సార్లే. ఏ రీమిక్స్ విన్నా లెక్క ఒకే పాట ఖాతాలో పడుతుంది. ఏప్రిల్‌లో ఒక్క వారంలో, ఒక్క అమెరికాలోనే 14.3 కోట్ల స్ట్రీమ్స్!

ఇంకా విడ్డూరం వినండి. కంట్రీ కాదని గెంటేసిన ఈ పాటకే అదే ఏడాది నవంబర్‌లో మ్యూజికల్ ఈవెంట్ ఆఫ్ ది ఇయర్ అవార్డు వచ్చింది. ఇచ్చిందెవరు? కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్!