ఎవరెస్ట్‌పై వందేళ్ల వెతుకులాట

అందరికీ నమస్కారం.

జార్జ్ మాలరీ, ఆండ్రూ ఇర్విన్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు 1924 జూన్ 8న ఎవరెస్ట్ మీద కనిపించకుండా పోయారు. వాళ్ల కోసం వందేళ్లుగా సాగుతున్న వెతుకులాట గురించి ఈ సాయంత్రం మీతో మాట్లాడతాను.

ఈ వెతుకులాటలో ఎక్కువ భాగం ఒక ప్రశ్న కోసమే జరిగింది. హిల్లరీ, టెన్జింగ్‌ల కన్నా 29 ఏళ్ల ముందే వీళ్లు శిఖరం చేరారా? ఆ ప్రశ్న నాకూ ముఖ్యమే. అయితే జవాబు కోసం వెతకడం వేరు, మనిషి కోసం వెతకడం వేరు. ఈ కథ పొడవునా ఆ తేడా నాకు కనిపిస్తూనే ఉంటుంది.

మొదట వెతికినవాడు మనిషి కోసమే వెతికాడు. ఆయన పేరు నోయెల్ ఓడెల్, వాళ్ల బృందంలోని ఆరోహకుడే. జూన్ 8 మధ్యాహ్నం 12:50కి మబ్బు ఒక్కసారిగా విడిపోయి, పైన గట్టు మీద రెండు నల్లటి చుక్కలు కదలడం చూసింది ఆయనే. కాసేపటికే మళ్లీ మబ్బు కమ్మేసింది. ఆ రాత్రి వాళ్లు దిగి రాలేదు. జూన్ 10న ఓడెల్ ఒంటరిగా, ఎనిమిది వేల మీటర్లు దాటి, పైనున్న ఆఖరి గుడారం దాకా ఎక్కాడు. తాను రెండు రోజుల కిందట వదిలి వచ్చినప్పుడు ఎలా ఉందో గుడారం అలాగే ఉంది. ఎవరూ వచ్చిన జాడ లేదు. ఈదురుగాలిలో ఇంకాస్త పైకి వెళ్లి వెతికి, వెనక్కి వచ్చి, స్లీపింగ్ బ్యాగులు రెండింటిని మంచు మీద ‘టి’ ఆకారంలో పరిచాడు. జాడ దొరకలేదు, ఆశ వదులుకున్నాం అని కింద కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు ముందే చెప్పుకున్న గుర్తు అది. ఒక్క మాట కూడా లేకుండా ఆ కబురు కిందికి చేరింది. ఆ ఎత్తులో, ఆ రోజుల్లో, వెతకడం అంటే ఎంత కష్టమో ఇంతకన్నా నేను చెప్పలేను.

ఆ తర్వాత జవాబు కోసం వెతకడం మొదలైంది. మాలరీ దగ్గర ఒక చిన్న కొడాక్ కెమెరా ఉందని తెలుసు. అది అతని సొంతం కాదు, తోటి ఆరోహకుడు హోవర్డ్ సోమర్‌వెల్ ఇచ్చింది. ఈ సోమర్‌వెల్ మనకు మరీ దూరపువాడేమీ కాదు. తిరువాంకూరు సంస్థానంలోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో దశాబ్దాల పాటు పేదలకు ఆపరేషన్లు చేసిన డాక్టరు. ఆ కెమెరా దొరికితే, ఆ చలికి ఫిల్ము చెడకుండా ఉంటే, శిఖరం మీద తీసిన ఫొటో ఉందో లేదో తేలిపోతుందని చాలామంది ఆశ.

1933లో మరో బ్రిటిష్ బృందానికి ఒక మంచు గొడ్డలి దొరికింది. ఫస్ట్ స్టెప్ అనే రాతి మెట్టుకు కొంచెం ఇవతల, 8,460 మీటర్ల దగ్గర, రాతి పలకల మీద పడి ఉంది. దాని పిడి మీద ఉన్న మూడు గీతలను బట్టి అది ఇర్విన్‌దని అనుకుంటారు. ప్రమాదం ఆ చుట్టుపక్కలే జరిగి ఉంటుందనడానికి అది గట్టి ఆధారం. తర్వాత చాలా ఏళ్లు ఏమీ దొరకలేదు.

1979లో వాంగ్ హోంగ్‌బావో అనే చైనా ఆరోహకుడు ఒక జపాన్ ఆరోహకుడికి ఓ సంగతి చెప్పాడు. 1975లో తమ ఆఖరి క్యాంపు దగ్గర కాసేపు అటూ ఇటూ నడుస్తుంటే పాతకాలపు ఇంగ్లీషువాడి శవం కనిపించిందని, బట్టలు ముట్టుకుంటే పొడి పొడిగా రాలిపోయాయని చెప్పాడు. వివరంగా అడుగుదామంటే వీలు కాలేదు. మర్నాడే వాంగ్ హిమపాతంలో చనిపోయాడు.

ఇక్కడి నుంచి జరిగింది నాకు చాలా ఇష్టమైన భాగం. యోఖెన్ హెమ్‌లెబ్ అనే జర్మన్ యువకుడు, భూగర్భశాస్త్రం చదువుకున్నవాడు, వాంగ్ మాటలను పట్టుకున్నాడు. శవం ఎక్కడ ఉందో తెలియాలంటే ముందు ఆ 1975 క్యాంపు ఎక్కడ వేశారో తెలియాలి. ఆ క్యాంపు ఫొటో ఒకటి ఉంది. అందులో వెనకాల కనిపించే రాళ్లను, గట్లను కొండ ఫొటోలతో పోల్చి పోల్చి ఆ గుడారం వేసిన చోటును పట్టుకున్నాడు. అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడక దూరంలోనే వెతకాలని తేల్చాడు. ఎరిక్ సైమన్సన్ నాయకత్వంలో 1999లో ఒక బృందం బయల్దేరింది. మే 1న అయిదుగురు ఆరోహకులు ఆ వాలు మీద వెతకడం మొదలుపెట్టారు. కొద్ది గంటల్లోనే కాన్రాడ్ ఆంకర్‌కు 8,155 మీటర్ల దగ్గర తెల్లగా ఏదో కనిపించింది.

అది ఇర్విన్ శవమేనని వాళ్లు అనుకున్నారు. చొక్కా కాలర్ తిప్పి చూస్తే జి. మాలరీ అని కుట్టి ఉంది. బోర్లా పడి ఉన్నాడు. రెండు చేతులూ పైకి చాచి, జారకుండా కొండను పట్టుకోబోయినట్టుగా ఉన్నాయి. కుడి కాలు విరిగింది. నడుముకు తెగిన తాడు ఉంది. మంచు మీది ఎండకు పెట్టుకునే కళ్లద్దాలు జేబులో ఉన్నాయి కాబట్టి చీకటి పడ్డాక దిగుతుండగా పడ్డాడేమో అన్నారు. శిఖరం మీద పెడతానన్న భార్య ఫొటో అతని దగ్గర లేదు. కెమెరా కూడా లేదు. ప్రార్థన చదివి, రాళ్లు పేర్చి, అక్కడే సమాధి చేశారు.

ఆ ప్రార్థన చదివినందుకు నేను వాళ్లను గౌరవిస్తాను. కానీ తర్వాత ఆ శవం ఫొటోలు పత్రికలకు అమ్ముడుపోయాయి. అది తప్పని నేను గట్టిగా అనుకుంటున్నాను. మాలరీ పోయేనాటికి పసివాడైన కొడుకు జాన్ అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు. శిఖరం ఎక్కి ప్రాణాలతో దిగి వస్తేనే ఎక్కినట్టు అనేది ఆయన మాట. తండ్రి గెలిచాడా లేదా అన్నది ఆయనకు అంత పెద్ద విషయమే కాదు.

మనకు ఈ బాధ తెలియనిదేం కాదు. 2015 మార్చి చివర్లో నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు ఆండీస్ పర్వతాల్లో కనిపించకుండా పోయినప్పుడు, తెలుగునాట ఎంతమంది ఆ వార్త కోసం ఎదురుచూశారో గుర్తు తెచ్చుకోండి. ఏప్రిల్ మొదట్లో ఆయన చనిపోయాడని తెలిసింది. శవాన్ని సొంత ఊరికి తెచ్చి అంత్యక్రియలు చేశారు. ఆ తల్లికి రికార్డులతో ఏం పని?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1922 జూన్ 7న, నార్త్ కోల్ అనే కనుమ కింద, మాలరీ ముందు నడుస్తున్న బృందం మీద హిమపాతం విరుచుకుపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. తెల్లవాళ్లలో ఒక్కరైనా వాళ్లతో పాటు ఎందుకు పోలేదని సోమర్‌వెల్ కుమిలిపోయాడు. 1924లోనూ ఇద్దరు సహాయకులు చనిపోయారు. ఆ ఏడాది స్నేహితులు బేస్ క్యాంపులో రాళ్లు పేర్చి కట్టిన గుర్తులో మాలరీ, ఇర్విన్‌ల పక్కనే వాళ్ల పేర్లూ చెక్కారు. ఈ రోజు పుస్తకాల నిండా, టీవీల నిండా ఇద్దరి పేర్లే ఉన్నాయి. ఆ తొమ్మిది మంది గురించి ఇంకా చాలా రాయాల్సి ఉంది.

ఇక 2024 సెప్టెంబరుకు వద్దాం. జిమ్మీ చిన్ అనే అమెరికన్ ఆరోహకుడు, మరో ఇద్దరు ఎవరెస్ట్ ఉత్తర ముఖం కింద సెంట్రల్ రొంగ్‌బుక్ గ్లేసియర్ అనే మంచునది మీద ఉన్నారు. అంతకు కొద్ది రోజుల ముందు 1933 అని ముద్ర ఉన్న ఆక్సిజన్ సిలిండర్ ఒకటి వాళ్లకు కనిపించింది. పైనుంచి పడిన సిలిండర్ ఇక్కడికి చేరితే, పైనుంచి పడిన మనిషి కూడా ఈ మంచులోనే ఎక్కడో ఉండొచ్చని ఆలోచించారు. మళ్లీ వెతికితే కరుగుతున్న మంచులోంచి ఒక బూటు బయటపడింది. లోపల పాదం ఉంది. మేజోడు మీద ఎ.సి. ఇర్విన్ అని కుట్టిన పేరు ఉంది.

చిన్ ముందు ఇర్విన్ కుటుంబానికి కబురు చేశాడు. వాళ్లు డీఎన్ఏ నమూనాలు ఇవ్వడానికి ముందుకొచ్చారు. బూటు దొరికిన చోటును మాత్రం చిన్ బయటపెట్టలేదు. గుర్తులు ఏరుకుపోయేవాళ్లు అక్కడికి ఎగబడతారని. కెమెరా ఇంకా దొరకలేదు. రేపు ఆ గ్లేసియర్ మీద ఇంకెవరికి ఏది కనిపించినా, ముందు ఆ ఇంటివాళ్లకు చెప్పి, ఆ తర్వాతే లోకానికి చూపించాలి. నేను కోరేది అదే.