మోత ఎక్కడిదో వెనక సీటునడగండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించడం మన ఆనవాయితీ. అయితే షామియానా వెనక జనరేటరు ఇలా మోగుతుండగా ఆ పేర్లు మీకు ఎలాగూ వినబడవు కనుక, అందరికీ కలిపి ఒకే దండం పెట్టి విషయంలోకి వస్తాను. విశ్వకర్మ జయంతి నాడు జవహర్ ఆటోనగర్‌లో మాట్లాడమని పిలవడం, 30 ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పిన నాకు గౌరవమే. ఎదుట కూర్చున్నవారిలో కొందరు నా చేత తిట్లు తిన్నవారు కూడా ఉన్నారు. నిర్వాహకులు నాకిచ్చిన అంశం కుటుంబ కారులో రోడ్డు మోత, ఇంజన్ మోత తగ్గించే పద్ధతులు. ఇంజన్, టైర్లు, గాలి అని మూడు భాగాలు చేసి కాగితం మీద రాసుకొచ్చాను. కానీ ఈ విషయంలో నేనే ఎలా మోసపోయానో ముందు చెప్పకపోతే ఆ కాగితం చదివే అర్హత నాకు లేదు.

మా అత్తగారికి 78 ఏళ్లు, రెండు చెవులకూ మిషన్లు. నెలకోసారి ఆవిడను విజయవాడ నుంచి ఏలూరు, తణుకు మీదుగా రాజమండ్రి తీసుకువెళ్లడం నా పని. నాది ఏడేళ్ల క్రితం కొన్న మూడు సిలిండర్ల పెట్రోలు కారు. నేనూ నా భార్యా ముందు కూర్చుంటాం, ఆవిడ వెనక కుడివైపు కూర్చుంటారు. ఒకసారి భీమడోలు దాటాక నా భార్య వెనక్కు తిరిగి, “అమ్మా, కాలు లాగుతోందా?” అని అడిగింది. ఆవిడ, “పాలు ఇప్పుడొద్దే, ఇంటికెళ్లాక తాగుతాను” అన్నారు. మేమిద్దరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. చెవి మిషన్లు రెండూ తీసి, డబ్బీలో పెట్టి, మూత టక్కున మూసి, “అల్లుడుగారూ, మీ కారులో నాకు మాటలు తప్ప అన్నీ వినబడుతున్నాయి” అన్నారు. ఆ తరువాత రాజమండ్రి చేరేదాకా ఆవిడ నోట మాట లేదు.

ఆ ఒక్క వాక్యంలో నేను రెండు తరగతులు చెప్పే పాఠం ఉంది. వయసు మీదపడితే ముందుగా వినబడకుండా పోయేవి కీచుగా ఉండే పై స్థాయి ధ్వనులు. క, ప, త, స వంటి హల్లుల తేడా తెలిసేది వాటితోనే. టైరు మోత కింది స్థాయిలో ఎడతెగకుండా సాగే హోరు. కింది స్థాయి హోరు బలంగా ఉన్నప్పుడు తనకంటే పై స్థాయిలో ఉన్న మాటను కప్పేస్తుంది. చెవి మిషను మాటనూ పెంచుతుంది, హోరునూ పెంచుతుంది. కనుక ఆవిడ మిషను తీసేయడం చాదస్తం కాదు, సరైన నిర్ణయమే.

అల్లుడిగా నాకు పౌరుషం వచ్చింది. వేరే ఊళ్లో, పేరు చెప్పను, కార్లకు సౌండ్ డ్యాంపింగ్ షీట్లు, అంటే రేకు మోతను తగ్గించే షీట్లు, అంటించే ఒక షాపుకు వెళ్లాను. నాలుగు తలుపులు, నేల, డిక్కీ అన్నీ విప్పి నలుపూ వెండీ రంగుల షీట్లు పరిచారు. రెండు రోజుల పని, 38,000 రూపాయల బిల్లు. కారు తీసుకోవడానికి వెళ్లినప్పుడు షాపు కుర్రవాడు తలుపు వేసి చూపించాడు. అంతకుముందు డబ్బా రేకులా మోగిన తలుపు, ఇనప్పెట్టె మూత పడినట్టు ‘ధబ్’ మంది. ఫోనులో ధ్వనిని డెసిబెల్స్‌లో కొలిచే ఒక మీటరు చూపించి, ఊరి వీధిలో తిప్పి, ఆరు డెసిబెల్స్ తగ్గిందన్నాడు. నేను మురిసిపోయాను. 30 ఏళ్లు డెసిబెల్స్ గురించి చెప్పినవాణ్ణి, వేగమూ రోడ్డూ ఒకటిగా లేకుండా రెండు కొలతలను పోల్చకూడదని పిల్లల చేత వందసార్లు చెప్పించినవాణ్ణి, తలుపు చప్పుడుకు పడిపోయాను.

తరువాతి నెల హైవే ఎక్కి 80 కిలోమీటర్ల వేగం అందుకోగానే వెనక నుంచి మళ్లీ డబ్బీ మూత టక్కుమన్న శబ్దం వినబడింది.

అక్కడితో కథ అయిపోలేదు. జూలైలో వానలు పడ్డాక బ్రేకు వేసినప్పుడల్లా ఎడమ తలుపులో గుడగుడమని నీళ్లు కదిలాయి. తలుపు అడుగున నీరు పోవడానికి కంపెనీవారు వదిలిన చిల్లులను షీటుతో మూసేశారు. అద్దం మీద నుంచి జారి లోపలికి దిగే వాన నీరు పోవడానికి దారి లేక అక్కడే నిలిచింది. మోత తగ్గించుకుందామని వెళ్లి తలుపులో బావి తవ్వించుకున్నాను. ఇక్కడ షీట్లు అంటించే పని చేసేవారు ఎవరైనా ఉంటే దయచేసి ఇది మనసులో పెట్టుకోండి. తలుపు అడుగు చిల్లులు మూసేస్తే ఆ తలుపు లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైకి కనబడేసరికి రేకు పోయి ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేద్దాం. బాబూ, జనరేటరు వైపున్న ఆ తెర దించండి. దించారు. మోత తగ్గిందా? లేదు. ధ్వనిని ఆపేది బరువు. అడ్డుగోడ బరువు రెట్టింపు చేస్తే సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, అంతే. తేలికైన గుడ్డ, తేలికైన స్పాంజి, తలుపులో కూరే థర్మోకోల్ గోడలు కాలేవు. పోనీ తెర స్థానంలో ఇటుక గోడే ఉందనుకోండి. గోడ వైశాల్యంలో వందో వంతు తెరిచి ఉంటే చాలు, ఎంత మందం గోడ అయినా 20 డెసిబెల్స్ మించి ఆపలేదు. చిల్లు మూయకుండా గోడను లావు చేసుకుంటూ పోవడం కుండకు చిల్లు ఉండగా మూత మార్చడం వంటిది.

ఇంకో లెక్క. 70 డెసిబెల్స్ మోత చేసేవి రెండు పక్కపక్కన ఉంటే మొత్తం 140 కాదు, 73. అందులో ఒకదాన్ని పూర్తిగా ఆపేసినా 70 మిగులుతుంది. ఆ మూడు డెసిబెల్స్ తేడాను చెవి అతి కష్టం మీద గుర్తిస్తుంది. మోత సగానికి తగ్గింది అని చెవికి అనిపించాలంటే పది తగ్గాలి. టైరు 72 చేస్తూ, మోగే తలుపు రేకు 62 చేస్తుంటే, తలుపును మూగగా చేసినా మొత్తంలో తగ్గేది అర డెసిబెల్ కూడా కాదు. కనుక ముందు అన్నిటికంటే పెద్ద మోత ఏదో పట్టుకోవాలి. నేను పట్టుకోలేదు, 38,000 పెట్టి రెండోదాన్ని ఆపాను.

పెద్దదాన్ని పట్టుకున్నది నా పాత విద్యార్థి. ఈ ఆటోనగర్‌లోనే పని చేస్తున్నాడు, పేరు చెబితే సిగ్గుపడతాడు. కారును ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీదికి తీసుకువెళ్లి, 80లో ఉండగా క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ వదిలాడు. ఇంజన్ ఆపలేదు, ఆపితే బ్రేకుకూ స్టీరింగుకూ అందే సాయం పోతుంది, మీరూ ఆపవద్దు. ఇంజన్ నెమ్మదించినా హోరు దానితో పాటు తగ్గలేదు, కారు వేగంతో పాటే దిగింది. “ఇంజన్ కాదు మాస్టారూ” అన్నాడు. స్టీరింగ్ కొంచెం ఎడమకూ కుడికీ ఊపాడు; బేరింగు పోయి ఉంటే బరువు పడిన వైపు మోత పెరిగేది, పెరగలేదు. టోల్ గేటు దగ్గర సిమెంటు రోడ్డు దాటి తారు మీదికి రాగానే హోరు స్వరం మారింది. అప్పుడు కారు ఆపి, “మీరు నడపండి, నేను వెనక కూర్చుంటాను” అన్నాడు.

నేను ఏడేళ్లలో ఒక్కసారి కూడా నా కారు వెనక సీటులో కూర్చోలేదు. అయ్యలారా, అమ్మలారా, మీలో ఎంతమంది కూర్చున్నారు? చేతులెత్తండి. ముగ్గురు. కారు కొనేవాడు ముందు కూర్చుంటాడు, నడిపి చూసేవాడు ముందు కూర్చుంటాడు, మెకానిక్కు ముందు కూర్చుంటాడు, మీటరు కూడా ఎక్కువగా డ్రైవరు చెవి దగ్గరే పెడతారు. వెనక చక్రం మీద కూర్చునేది మాత్రం పెద్దవాళ్లూ పిల్లలూ.

షెడ్డుకు వచ్చాక అతను నా చెయ్యి పట్టుకుని కుడి వెనక టైరు మీద పొడుచుకొచ్చిన రబ్బరు గుండీల మీద ముందుకు జరిపించాడు, నున్నగా ఉంది. వెనక్కు లాగించాడు, రంపం పళ్లలా గీసుకుంది. ముందు చక్రాలు లాగే కార్లలో వెనక టైర్ల మీద బరువు తక్కువ. అవి అలా పళ్లు పళ్లుగా అరిగిపోతాయి, చక్రాల వరస, అంటే అలైన్‌మెంట్, తప్పితే ఇంకా తొందరగా అరుగుతాయి. ప్రతి గుండీ రోడ్డును చరుస్తుంది, అదే హోరు. సుమారు 10,000 కిలోమీటర్లకు ఒకసారి టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకూ మార్చమని పరీక్షల్లో ప్రశ్న ఇచ్చిన నేను, నా కారుకు ఒక్కసారీ మార్చలేదు.

తరువాత డిక్కీలో షీటు ఎత్తి చూపించాడు. రెండేళ్ల క్రితం పండుగ ఆఫరులో నేను దగ్గరుండి పెట్టించుకున్న రివర్స్ కెమెరా తీగ, నేల రేకులో బొటనవేలంత చిల్లులోంచి పైకి వస్తోంది. ఆ చిల్లును మూస్తూ ఉండవలసిన రబ్బరు బిరడా, గ్రొమెట్ అంటారు, తీసేసి, మళ్లీ పెట్టలేదు. దాని కింద ఒక జానెడు దూరంలో టైరు తిరుగుతోంది. షీటు అంటించిన కుర్రవాడు ఆ చిల్లును చూశాడు; చూసి, తీగ చుట్టూ షీటును కత్తెరతో ఎంతో అందంగా గుండ్రంగా కత్తిరించి వదిలాడు. ఆ పనితనాన్ని నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. గ్రొమెట్ వెల 20 రూపాయలు.

టైర్లు రెండు మార్చాం, అలైన్‌మెంట్ చూశాం, గ్రొమెట్ పెట్టాం, తలుపుల అడుగున చిల్లులు తెరిచాం. ఎన్ని డెసిబెల్స్ తగ్గిందని అడగకండి, కొలవలేదు. తరువాతి ప్రయాణంలో డబ్బీ మూత చప్పుడు వినబడలేదు. ఇప్పుడు మా అత్తగారు ఏలూరు నుంచి రాజమండ్రి దాకా నా డ్రైవింగులో తప్పులు చెబుతున్నారు.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఇంజన్, గాలి మిగిలాయి, తొందరగా చెబుతాను. కారు నిలిచి ఉండగా నిమిషానికి 800 చుట్ల ఐడిలింగ్‌లో మూడు సిలిండర్ల ఇంజన్ లోపల ఇంధనం సెకనుకు 20 సార్లు పేలుతుంది, నాలుగు సిలిండర్లదైతే దాదాపు 27 సార్లు. ఆ 20 చెవికంటే సీటుకూ స్టీరింగుకూ బాగా తెలుస్తుంది. అది లోపలికి రాకుండా చూసేది ఇంజన్ మౌంటింగ్, మీరు ఫౌండేషన్ అనే రబ్బరు. ఏసీ వేయగానే డ్యాష్‌బోర్డు వణుకుతుంటే ముందు ఫౌండేషన్ చూడండి, సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు చూడండి. ఎంత షీటు అంటించినా చచ్చిన రబ్బరుకు బదులు కాదు. బానెట్ కింద మాత్రం ఇంట్లో పరుపు స్పాంజి అంటించవద్దు, అది నిప్పు అంటుకునే వస్తువు.

గాలి మోత ఎక్కువగా బీడింగ్, అంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, సందుల్లోంచి వస్తుంది. పది రూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ బీడింగ్ పోయినట్టే. ఇంకా అనుమానముంటే ఎవరూ కూర్చోని వైపు తలుపు సందుల మీద పెయింటర్లు వాడే కాగితం టేపు అంటించి ఒక చుట్టు తిరగండి. మోత తగ్గితే దారి దొరికినట్టే. గాలి మోత వేగంతో విపరీతంగా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే దాని శక్తి సుమారు 60 రెట్లవుతుంది. అంటే 100 నుంచి 80కి దిగితేనే ఆరు డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. దీనికి ఎవరూ బిల్లు వేయలేరు కాబట్టి ఎవరూ చెప్పరు.

షీట్లు పనికిరానివని నేను అన్నట్టు ఎవరూ బయటకు చెప్పవద్దు. గుడి గంట మోగుతుండగా మీద చెయ్యి వేస్తే ఆగుతుంది కదా, షీటు చేసే పని అదే. రేకు వణుకును షీటులోని బ్యూటైల్ అనే మెత్తని రబ్బరు సాగి వేడిగా మారుస్తుంది, పైనున్న అల్యూమినియం పొర ఆ సాగుడును పెంచుతుంది. దానికి రేకంతా కప్పనక్కరలేదు. మధ్యలో, వేలితో కొడితే టంగుమనే చోట, నాలుగో వంతు అంటిస్తే ఫలితంలో అధికభాగం వచ్చేస్తుంది. మిగతా మూడు వంతులు బరువు, బిల్లు. తారు పూసిన చవక షీట్లు మాత్రం మన మే నెల ఎండకు మెత్తబడి కంపు కొడతాయి. ఎండలో మూసి నిలిపిన కారు లోపలి రేకు ఎంత కాలుతుందో మీకు చెప్పాలా? షీట్లు అంటించేవారూ, రోలు విప్పేముందు కారును ఒకసారి హైవే మీద తిప్పి, వెనక సీటులో కూర్చుని, ఏ మోత ఎక్కడిదో బిల్లు వెనక రాసివ్వండి. విప్పిన ప్లాస్టిక్ క్లిప్పులు విరిగితే కొత్తవి వేయండి, లేకపోతే హోరు పోయిన చోట కిటకిట మిగులుతుంది.

ఆ కిటకిట సంగతే ఆఖరి మాట. నా కారు గేటు పక్కన, వేపచెట్టు కింద ఉంది. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన మీద అతుకులు దాటేటప్పుడల్లా ఎడమ వెనక తలుపు పై భాగంలో ఏదో చిన్నగా కొట్టుకుంటోంది. నేను వెతికాను, నా విద్యార్థీ వెతికాడు, దొరకలేదు. మా అత్తగారు అది సీటు బెల్టు బిగించిన స్తంభంలో ఉందంటున్నారు. తాళం అధ్యక్షుల వారి దగ్గర ఇచ్చి ఉంచాను. భోజనాలయ్యాక ఎవరైనా ఇద్దరు రండి, ఒకరు నడపండి, ఒకరు వెనక కూర్చోండి.